పెన్సిల్‌తో వేసిన రూమ్ నంబరు

ఆ రోజుల్లో మనిషి నిజాయితీని మార్కులేసి కొలవొచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఒక యూనివర్సిటీలో విద్యార్థుల వ్యక్తిగత విలువల మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. నలభై ప్రశ్నల ఫారం తయారుచేసి, ఒక్కో జవాబుకు ఐదు మార్కులు పెట్టుకున్నాను. (నా సొంత విలువల సంగతంటారా, హాస్టల్ సీటు గడువు ముగిసి ఆరు నెలలైనా కదలకుండా, పీజీ చదివే ఒక తమ్ముడి గదిలో నాన్ బోర్డర్‌గా, అంటే రిజిస్టర్‌లో లేని మనిషిగా, పడుకునేవాణ్ణి.) అతనిది నర్సంపేట దగ్గరి పల్లె, పత్తి పండించే ఇల్లు. మెస్‌లో తన అన్నంలో సగం స్టీలు డబ్బాలో తెచ్చి నాకు పెట్టేవాడు కనుక అందరూ అతన్ని 'డబ్బా' అనేవారు. బయట గది తీసుకునే స్థోమత ఆ ఇంటికి లేదు. సీటు పోతే అతని చదువూ పోయినట్టే.

ఫారాలు పంచిన రోజు డబ్బా ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. హాస్టల్ నియమం ఎప్పుడైనా తప్పారా, ఎందుకు, అన్నది ఆ ప్రశ్న.

"అన్నా, ఇది నిజం రాయాల్నా?"

"నిజమే రాయి తమ్మీ. పేరు లేదు, ఊరు లేదు. ఫికర్ చెయ్యకు."

పేరు లేని మాట వాస్తవమే. కానీ ఎవరు తిరిగిచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో తెలియడానికి ప్రతి ఫారం మూలన పెన్సిల్‌తో రూమ్ నంబరు వేసుకున్నాను. తర్వాత తుడిచేద్దామనుకుని మరిచిపోయాను. తీరా చూస్తే హాస్టల్ నిండా ఋషులే, ఒక్కరూ ఏనాడూ నియమం తప్పలేదు. (గదిలో హీటరు పెట్టి గుడ్లు ఉడికించుకునేవాళ్లతో సహా.) డబ్బా మాత్రం "సీటు లేని అన్నను మా రూముల ఉంచుకున్న. ఆకలైన మనిషిని పొమ్మననీకి మనసొప్పలే" అని రాశాడు. ఐదుకు ఐదు వేసి మురిసిపోయాను. మా గైడు సారు నాకంటే ఎక్కువ మురిసి, ఆ కట్ట మొత్తం పట్టుకెళ్లి తన స్నేహితుడైన వార్డెన్‌కు చూపించారు.

మర్నాడు పొద్దున్నే వార్డెన్ ఆ పెన్సిల్ నంబరు పట్టుకుని మా గదికి వచ్చారు. "ఎవర్ని పెట్టుకున్నవ్‌రా?" అని అడిగితే, డబ్బా నా వైపు చూడకుండా, "ఆయన పోయిండు సార్" అన్నాడు. వార్డెన్ నన్ను చూసి, "నువ్వేంది ఈడ?" అన్నారు. లుంగీ మీద, నోట్లో బ్రష్షుతో నిలబడి, "ఫారాల కోసం వచ్చిన సార్" అన్నాను. గైడు సారు శిష్యుణ్ణి కనుక నమ్మారో, నమ్మినట్టు నటించారో తెలియదు. సాయంత్రానికి డబ్బా సీటు రద్దయింది. కొన్నాళ్లు ఊరి నుంచి బస్సులో వచ్చిపోయాడు, తర్వాత రావడం మానేశాడు. నేను మాత్రం విద్యార్థుల్లో నిజాయితీ సంతృప్తికరంగా ఉందని రాసి డాక్టరునయ్యాను. ఇప్పుడు పిల్లలకు విలువలు బోధిస్తున్నాను, సిగ్గు లేకుండా.

మొన్న ఎనుమాముల మార్కెట్లో డబ్బా కనిపించాడు. మిర్చి బస్తాలకు కాంటా పెడుతున్నాడు. బలవంతంగా చాయ్ తాగించి అడిగాడు.

"అన్నా, గప్పుడు నువ్వు ఫారం నింపినవా?"

"లేదు తమ్మీ."

"నింపితే గా ప్రశ్నకు ఏం రాస్తుంటివి?"

"ఏ నియమం తప్పలేదనే రాస్తుంటి."

అతను నవ్వాడు, నేనూ నవ్వాను. అతనికి నేను చెప్పిన మొదటి నిజం అదే.