రెండో అట్ట

ఇవాళ కొత్త అట్టల కట్ట విప్పగానే వచ్చిన పొడి వాసన నన్ను తిన్నగా మా ఊరు షాంటిలీలోని లైబ్రరీ హాల్లోకి తీసుకుపోయింది. పాత ఇంగ్లిష్ నిఘంటువుల మీద మా పెద్దల బృందం పెట్టిన ప్రదర్శనకు అట్టలు కోసే పని నాకు అప్పగించింది వేమూరి సుభద్రమ్మగారు. ఆవిడ లైబ్రేరియన్‌గా రిటైరయ్యారు. నేను బృందం సమావేశాల వివరాలు రాసేవాణ్ణి.

వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి మాటలు పోగుచేసింది పండితులు మాత్రమే కాదనీ, ఇంట్లో కూర్చుని చదువుకునే ఆడవాళ్లూ, పల్లెటూరి పాదిరీలూ ఒక్కో మాట వాడుక చూపే వాక్యాలను పుస్తకాల్లోంచి చీటీల మీదికి ఎత్తి రాసి పంపేవారనీ ఆవిడే చెప్పారు. వాక్యం ఎవరిదో చీటీ మీద ఉండి తీరాలి. లేకపోతే దానికి విలువ లేదు. అలా పంపినవారిలో ఒకడు హత్య చేసి, పిచ్చాసుపత్రిలో బందీగా ఉంటూ ఏళ్ల తరబడి చీటీలు రాశాడు. అతని పేరూ వివరాలూ రాసి ఆవిడ ఒక అట్ట పెట్టారు. పక్కనే, అతని చేతిలో చనిపోయిన కార్మికుడికి రెండో అట్ట. ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో.

ప్రదర్శన తెరిచే ఉదయం, హాల్ బుక్ చేసిన రావుగారు వాటి ముందు ఆగిపోయారు. పిల్లలొచ్చే చోట హంతకుడేమిటని గొంతు పెంచారు. పేరు బదులు ‘ఒక వాలంటీర్’ అని వేస్తే చాలనీ, అప్పుడు రెండో అట్టతో పనే ఉండదనీ అన్నారు. కాదంటే బుకింగ్ క్యాన్సిల్ చేస్తానని ఫోన్ తీశారు. బయట కార్లు వచ్చి ఆగుతున్నాయి. ఒళ్లు మండి నేను ముందుకు వెళ్లబోతే ఆవిడ చేయెత్తి ఆపారు.

“చంపినవాడి పేరు దాస్తే చచ్చినవాడి పేరూ పోతుంది, రావుగారూ.”

“ఎప్పటి సంగతో. ఇప్పుడెవరికి పట్టిందమ్మా?” అన్నారాయన.

“మావారిని కారు గుద్దినప్పుడు పేపర్లో ‘ఒక పాదచారి’ అని వేశారు. నాకు పట్టింది. క్యాన్సిల్ చేసుకోండి.”

 రావుగారు ఫోన్ జేబులో పెట్టుకుని, తల్లిదండ్రులు అడిగితే జవాబు మీదేనన్నారు. “నాదే,” అంటూ ఆవిడ, లేచిపోతున్న రెండో అట్ట మూలను బొటనవేలితో నొక్కి అతికించారు.

పోయిన నెల ఆవిడ కన్నుమూశారు. బృందం వార్తాలేఖ ప్రూఫ్ సరిచూడ్డానికి నిన్న నాకు వచ్చింది. ‘మన సీనియర్ సభ్యురాలు ఒకరు పరమపదించారు.’ అంతే. పేరేదని అడిగితే చోటు లేదన్నారు. వంటల పోటీకి అరపేజీ దొరికింది. ఒక్క పేరుకు చోటు దొరకలేదు.

అందుకే ఈ అట్టల కట్ట. మొదటి దాని మీద వేమూరి సుభద్రమ్మ అని రాశాను. రెండో దాని మీద, కారు గుద్ది చనిపోయిన ఆమె భర్త వేమూరి నరసింహం పేరు రాశాను. ఈ మాట ఎవరిదో తెలియాలి కనుక, కింద నా పేరు వేసి ప్రూఫ్‌తో పాటు వెనక్కి పంపుతున్నాను.