చీటీలో లేని మామిడిపండు

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో నా నాలుక పుండులా ఎర్రబడింది. ఏం తిన్నా నీళ్ళలా పోయేది. డాక్టరు సంగ్రహణి అని ఇంగ్లీషులో చీటీ రాశారు. అది నాన్న చదివి, "మామిడిపండు ముట్టకూడదట, మజ్జిగే పథ్యమట" అన్నారు. మాది మామిడి వ్యాపారం. గడ్డిలో మాగే చిన్నరసాల వాసన పీలుస్తూ, మజ్జిగ తాగుతూ పుల్లలా అయిపోయాను.

ఒకరోజు హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగితే నాన్న మజ్జిగ కోసం దిగారు. పక్కన కూర్చున్న ఓ ఆసుపత్రి నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసి నాలుక చాపమంది. నా సంచిలోని చీటీ తీసి ఇచ్చాను.

"ఇందులో మామిడిపండు ఊసే లేదమ్మా. మేక కార్జం నుంచి తీసే సూదిమందు రాశారు. ఎన్ని వేయించుకున్నావు?"

"ఒక్కటీ లేదండి."

"నీచు ముట్టని ఇల్లా మీది?"

తలూపాను. నాన్న సూదిమందు మాట దాచి, దాని బదులు పథ్యం ఎందుకు కల్పించారో అప్పుడు తెలిసింది. ఆమె చీటీని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

నాన్న కిటికీలోంచి గ్లాసు అందించారు. "తాగు తల్లీ, డాక్టరుగారు చెప్పారుగా."

తాగాను. ఆ సూదులు తర్వాత ఇంట్లో చెప్పకుండా వేయించుకుని బతికాను. నాన్న పోయేదాకా మరే కాగితమూ ఆయన్ని చదివిపెట్టమని అడగలేదు.