రెండో నీడ

సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు కరెంటు పోయింది. తొంభైల్లో కొత్తపేటలో అది విశేషమేమీ కాదు. లాంతరు వెలిగించి తెచ్చి మావారి బల్ల మీద పెట్టబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"దింపకు. అలాగే పట్టుకో."

"ఎంతసేపండీ?"

"కిటికీలో వెలుగున్నంతసేపు."

బల్ల మీద స్టీలు గ్లాసులో కుంచెలున్నాయి. కిటికీలోంచి చలికాలపు మసక వెలుగు ఒకవైపు, లాంతరు వెలుగు మరోవైపు పడి, ఒక్కో కుంచెకీ రెండేసి నీడలు వచ్చాయి. నీడంటే నలుపనే అనుకునేదాన్ని. వాటిలో ఒకటి నీలంగా ఉంది, ఒకటి నారింజ రంగులో ఉంది. లాంతరుకు అడ్డుపడ్డ చోట ఆకాశం రంగు, ఆకాశానికి అడ్డుపడ్డ చోట లాంతరు రంగు. ఆయన పెన్సిలు తీసుకున్నారు. నా చెయ్యి పీకుతున్నా దింపలేదు. నాలుగు రోజులుగా ఆయన అన్నం సరిగా తినడం లేదు. దేనికోసమో నాకు తెలుసు.

ఆయన సైన్సు ఫిక్షన్ నవలలకు అట్టబొమ్మలు వేసేవారు. తిండికి కొబ్బరితోట ఉండేది. బొమ్మలు విజయవాడలో ఒక ప్రచురణకర్తకు వెళ్ళేవి. ఆ రోజుల్లో నవల పూర్తి కాకముందే అట్ట తయారవ్వాలి. ముందు నెల పుస్తకం వెనక దాన్ని ప్రకటనగా వేసేవారు. ప్రచురణకర్త ఫోనులో నవల పేరు, రెండు ముక్కల్లో కథ చెబితే చాలామంది ఆర్టిస్టులు దానితోనే బొమ్మ వేసి పంపేవారు. ఈయన మాత్రం రాసినంతవరకైనా కాగితాలు పంపమనేవారు. అవి వస్తే నేను పైకి చదవాలి. ఆయన చాప మీద పడుకుని కళ్ళు మూసుకుని వినేవారు. మధ్యలో ఆపేవారు.

"అక్కడ గాలుందా?"

"ఆ సంగతి రాయలేదండీ."

"మరి ఆ అమ్మాయి జుట్టు ఎలా ఎగిరింది?"

"ఎగిరిందనే రాశారు. నన్నడిగితే నేనేం చెప్పను?"

గాలి లేదని తేలితే పట్టపగలైనా ఆకాశం నల్లగా వేసేవారు. నక్షత్రాలకు మాత్రం మా ఇంట్లో పాతబడ్డ పళ్ళ బ్రష్షులే. తెల్లరంగులో ముంచి బొటనవేలితో మీటేవారు.

ఆయన వేసిన యంత్రాలు ఎక్కడివని పాఠకులు అడిగి ఉంటే నేను చెప్పగలిగేదాన్ని. మామిడికుదురు వైపు గ్యాసు కోసం తవ్వే చోట నిలబెట్టిన ఇనుప చట్రాన్ని రోడ్డు మీద నుంచి చూసి వచ్చారు. అది రాకెట్టు ఎగిరే గద్దె అయింది. ఐ.పోలవరంలో రొయ్యల చెరువుల నీటిని చిలికే చక్రాలు వేరే గ్రహం మీద తిరిగే బండికి అమిరాయి. రొయ్య మీసాలు కూడా వృథా కాలేదు. ఒక గ్రహాంతరవాసికి వాటిని పెట్టి ఆరబెట్టిన బొమ్మను మా అత్తగారు చూశారు.

"రొయ్యకి చొక్కా ఎందుకురా?" అన్నారు.

"చలెక్కువమ్మా అక్కడ."

"అయితే పైనొక శాలువా కూడా కప్పు పాపం."

ఆయన నిజంగానే శాలువాలాంటిది ఒకటి వేశారు. బాగానే ఉంది.

ఈసారి వచ్చిన నవలలో ఒక గ్రహానికి ఇద్దరు సూర్యులు. ఒకడు తెల్లనివాడు, ఒకడు ఎర్రనివాడు. ఆ నేల మీద ఒక మనిషి ఒంటరిగా నడిచి వెళ్తాడు. మొదట వేసిన బొమ్మ నాకు నచ్చింది. ఆయన చించేశారు. "సూర్యుడి పక్కన కమలాపండు పెట్టినట్టుంది. ఆ మనిషి అక్కడ లేడు" అన్నారు. ఆ మనిషిని అక్కడ నిలబెట్టడం ఎలాగో తోచక నాలుగు రోజులు కూర్చున్నారు. కరెంటు పోయాక తోచింది.

కొత్త బొమ్మలో ఆ మనిషి కాళ్ళ దగ్గర నుంచి రెండు నీడలు విడిపోయి పడ్డాయి, ఒకటి ఎర్రగా, ఒకటి లేత నీలంగా. చూడగానే నాకు ఆ నేల మీద నిలబడ్డట్టు అనిపించింది. అంతకన్నా ఎక్కువ చెప్పడం నాకు చేతకాదు.

రెండు దళసరి అట్టల మధ్య పెట్టి బస్సులో పంపించాం. మర్నాడు మధ్యాహ్నం పక్కింటివారింట్లో మాకు ఫోను వచ్చింది. ప్రచురణకర్తది పెద్ద గొంతు. పక్కనే నిలబడ్డ నాకూ వినపడుతోంది.

"గురువుగారూ, బొమ్మ అదిరిపోయిందండి. కాకపోతే పొరపాటున నీడలు రెండు పడ్డాయి. మా టచింగ్ కుర్రాడు ఒకటి సర్దేస్తున్నాడు లెండి."

"సర్దొద్దండి. అక్కడ సూర్యులు ఇద్దరు."

"ఇద్దరుంటే ఉన్నారు గానీ, కొనేవాడు బస్టాండులో నిలబడి చూస్తాడండి. వాడికున్నది ఒక్క సూర్యుడే కదా. రేపు పొద్దున్నే అచ్చు ప్లేటుకెళ్ళిపోతోంది."

ఆయన ఫోను పెట్టేసి ఇంటికి వచ్చి చొక్కా వేసుకున్నారు. "ఒక నీడ కోసం విజయవాడా?" అన్నాను. "అది పోతే మిగతాదంతా అబద్ధమే" అన్నారు. రంగులు, రెండు కుంచెలు చేతిసంచిలో పెట్టుకున్నారు.

రావులపాలెంలో బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయట. అరటిగెలల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళారు. ఆఫీసుకు చేరేసరికి నీలం నీడ మీద మట్టిరంగు పూసేసి ఉంది. ఆయన తగువు పెట్టుకోలేదు. ఆ కుర్రాడి స్టూలే అడిగి తీసుకుని, కూర్చుని, ఆ మట్టిరంగు మీదే మళ్ళీ నీలం నీడ వేశారు. ప్రచురణకర్త వెనక నిలబడి చూశారట.

"మీ ఇష్టమండి. తప్పుందని ఉత్తరాలొస్తే మాత్రం మీ ఇంటికే పంపుతాను."

"ఆయ్, పంపండి."

మరునాడు ఆయన వచ్చాక చొక్కా ఉతికాను. అరటి జిగురు మరక పోలేదు.

పుస్తకం వచ్చాక ఇద్దరం అమలాపురం బస్టాండుకు వెళ్ళాం. ఆయన పుస్తకాల కొట్టుకు ఎడంగా నిలబడ్డారు. కాలేజీ కుర్రాడొకడు నవల తీసి అట్ట చూశాడు. తల కొంచెం వంచి మళ్ళీ చూశాడు. కొనుక్కుని రాజోలు బస్సెక్కాడు. ఆయన టీ తాగుదామన్నారు.

ఉత్తరాల కోసం నేను ఎదురుచూశాను. తిడుతూ రాకపోయినా, మెచ్చుకుంటూ ఒకటైనా వస్తుందనుకున్నాను. నెలలు గడిచాయి.

"ఒక్కరూ రాయలేదేమిటండీ? అంత కష్టపడ్డారు."

"ఎవరికీ తప్పు కనపళ్ళేదంటే, అందరూ అక్కడికి వెళ్ళొచ్చేరన్నమాట" అన్నారు.

ఆ మాట సరదాగా అన్నది కాదు. ఆయనకు అంతకు మించిన మెప్పు లేదు. మనుషుల్లో అలాంటి తృప్తి నేను ఎక్కువగా చూడలేదు.

ఆ తరవాత ప్రతి బొమ్మకీ ప్రచురణకర్త ఫోను చేసేవారు. "గురువుగారూ, ఈసారి నీడలెన్నండీ?" అని ఎకసెక్కంగానే మొదలుపెట్టేవారు. కానీ చెప్పేదాకా ప్లేటుకు పంపేవారు కాదు. రెండు వేల సంవత్సరం దాటాక అట్టలు అక్కడే కంప్యూటరు మీద తయారవ్వడం మొదలైంది. కొన్నాళ్ళకు నవలలే ఆగిపోయాయి. ఆయన కూడా పోయారు. మొన్న ఆ ప్రచురణకర్త కొడుకు ఆ ఇద్దరు సూర్యుల నవలను మళ్ళీ వేసి నాకొక ప్రతి పంపాడు. మర్యాదగానే పంపాడు. బొమ్మ ఆయనదే. అట్ట మీద ఆ మనిషికి ఒక్కటే నీడ ఉంది.

అచ్చుకు పంపే ముందు నీడలెన్నని ఫోను చేసి నన్నెవరూ అడగలేదు.