వెర్నా హుడాక్ కూపన్ల కక్ష

వెర్నా హుడాక్ చేతిలో చెల్లని కూపన్ మా ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఈ మాట ఇప్పుడు చెప్తున్నాను. చెప్పాల్సిన రోజున చెప్పలేదు.

కెస్ట్‌నర్ సూపర్ మార్కెట్‌లో మూడో కౌంటర్ దగ్గర బిల్లులు కొట్టేదాన్ని నేను. ఉక్కు ఫ్యాక్టరీ మూసేశాక ఊళ్లో సగం మంది మగవాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. వెర్నా మొగుడు స్టీవ్ కూడా కూర్చున్నాడు. ఆవిడ మాత్రం కత్తెర పట్టుకుంది. ఆదివారం పేపర్లో వచ్చే కూపన్లన్నీ కత్తిరించి, సరుకు వారీగా బూట్ల డబ్బాల్లో సర్దేది. గడువు తేదీ లేనివి విడిగా దాచేది. కూపన్ చేతికొచ్చిన వారమే కొనడానికి పరిగెత్తే వాళ్లని చూస్తే ఆవిడకి నవ్వు. ధర తగ్గేదాకా ఆగి, షాపు తన డబ్బు కలిపి కూపన్లకి రెట్టింపు తగ్గించే మంగళవారం చూసుకుని వచ్చేది. ఇంట్లో తినని వస్తువుని ఉత్తినే ఇస్తామన్నా ముట్టుకునేది కాదు.

ఆవిడకి ఇంకో అలవాటుంది. నచ్చిన సరుకు గురించి కంపెనీలకి ఉత్తరాలు రాసేది. మీ కాఫీ బాగుంది, మా ఆయన రెండో కప్పు అడుగుతున్నాడు అని. వాళ్లు మురిసిపోయి డాలరు కూపన్లు పోస్టులో పంపేవాళ్లు. అవి పేపర్లో వచ్చే వాటిలా ఉండవు. పల్చటి కాగితం, ఒకవైపే అచ్చు. ఆ కాగితమే కొంప ముంచింది.

ఆ శీతాకాలం పెద్ద ఆఫీసు వాళ్లు డ్వైట్ లాఫ్లిన్ అనే కొత్త మేనేజర్ని పంపారు. కూపన్లంటే ఆయనకి ఒళ్లుమంట. ఒక మంగళవారం వెర్నా నాకిచ్చిన నాలుగు కాఫీ కూపన్లు లాక్కుని, లైటు కింద పెట్టి చూసి, ఇవి దొంగ కూపన్లన్నాడు. పోస్టులో వచ్చాయని ఆవిడ చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఇలాంటివి నువ్వెప్పుడైనా చూశావా నోరీన్?"

చూశాను. ఆ ఏడాదిలో ఆవిడ దగ్గరే ఓ ఇరవై తీసుకున్నాను, అన్నిటికీ కంపెనీ మా షాపుకి డబ్బు పంపింది. కానీ ఆ నెలలోనే ఆయన ఇద్దరు ఆడవాళ్లని పనిలోంచి పీకేశాడు. నాకు ఇద్దరు పిల్లలు. తల అడ్డంగా ఊపాను.

లాఫ్లిన్ మైకు అందుకుని, మూడో కౌంటర్లో దొంగ కూపన్లు పట్టుబడ్డాయని, అందరూ జాగ్రత్తగా ఉండాలని షాపంతా వినేలా చెప్పాడు. లైన్లో ఉన్నవాళ్లలో సగం మంది మా చర్చి వాళ్లే. వెర్నా సరుకుల బండిని అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఈస్టర్ ముందు శుక్రవారాల్లో మా చర్చి ఆడవాళ్లం పిరోహీలు, అంటే బంగాళాదుంప కూరి ఉడికించే కజ్జికాయల్లాంటివి, చేసి అమ్ముతాం. పన్నెండేళ్లుగా డబ్బుల పెట్టె దగ్గర కుర్చీ వెర్నాది. ఆ శుక్రవారం ఆవిడ వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరున్నారు. పిండి బల్ల వైపు చూపించారంతే. ఆవిడ చేతులు కడుక్కుని, బంగాళాదుంప ముద్ద పెట్టి, పిరోహీల అంచులు నొక్కుతూ కూర్చుంది. ఆ నొక్కుడు చూస్తే నాకు భయం వేసింది.

రెండు వారాలకి కాఫీ కంపెనీ నుంచి ఉత్తరం తెప్పించింది. ఆ నాలుగు కూపన్లూ తాము పంపినవేనని అందులో ఉంది. లాఫ్లిన్ చదివి జేబులో పెట్టుకుని, సరే, ఇకనుంచి వాడుకోమన్నాడు. మైకులో చెప్పమని ఆవిడ అడిగింది. అంత తీరిక లేదన్నాడు. ఆవిడ వెళ్లిపోయింది.

ఇంతలో హైవే పక్కన ఇంకో పెద్ద షాపు తెరిచారు. దాన్ని దెబ్బతీయాలని లాఫ్లిన్ పేపర్లో ప్రకటన వేయించాడు: ఈ శనివారం ప్రతి కూపన్‌కీ మూడింతలు. పేపరు వాళ్లు ప్రకటనకి లైను లెక్కన డబ్బు తీసుకుంటారు. మనిషికి పది కూపన్లే అనే చివరి లైను ఆ పిసినారి కొట్టేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఈసారి కూడా నోరు విప్పలేదు, కానీ ఈసారి కావాలనే విప్పలేదు.

గురువారం ప్రకటన వచ్చింది. శుక్రవారం వెర్నా బూట్ల డబ్బాలన్నీ మోసుకొచ్చి పిండి బల్ల మీద పెట్టింది. తనని అక్కడ కూర్చోబెట్టిన ఆడవాళ్లకే, ఎవరింట్లో ఏం తింటారో అడిగి మరీ కూపన్లు పంచింది. వాళ్లు తలెత్తలేకపోయారు. అయినా తీసుకున్నారు.

శనివారం పొద్దున ఏడింటికి ఆ ఆడవాళ్లు ముప్పైమంది బండ్లు తోసుకుంటూ వచ్చారు. యాభై సెంట్ల కూపన్ డాలరున్నర అవుతుంటే సబ్బులు, మకరోనీ, టమాటా డబ్బాలు ఉత్తినే పోయాయి. పదకొండింటికి కాఫీ డబ్బాలు పెట్టే అర ఖాళీ. నా జన్మలో అంత సంతోషంగా బిల్లులు కొట్టలేదు. లాఫ్లిన్ చెమటలు కక్కుతూ వెర్నా దగ్గరికొచ్చాడు.

"ఇక ఆపించండమ్మా. నా ఉద్యోగం పోతుంది."

"ప్రకటన మీదే కదా సార్. అందులో దొంగ మాటేదైనా ఉంటే చూపించండి, ఇప్పుడే ఆపిస్తాను."

ఆయన ఏం కావాలని అడిగాడు. ఆవిడ మైకు వైపు చూసింది. ఆయన దాన్ని తీసుకుని, వెర్నా హుడాక్ కూపన్లు నిజమైనవేనని, తప్పు తనదేనని చెప్పాడు. ఆవిడ థాంక్స్ చెప్పి, తన బండిలోంచి ఇంకో కట్ట తీసి నా ముందు పెట్టింది.

"కొట్టవే నోరీన్."

కొట్టాను. నెల తిరక్కుండా లాఫ్లిన్‌ని పెద్ద ఆఫీసు వాళ్లు ఊడబీకారు. డబ్బుల పెట్టె దగ్గర కుర్చీ మళ్లీ వెర్నాకి వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ తర్వాతి మంగళవారం పక్క కౌంటర్లు ఖాళీగా ఉన్నా ఆవిడ నా లైన్లోనే నిలబడింది. మొదటి కూపన్ తీసి, వెనకవాళ్లకి వినబడేలా ఇది నిజమైనదేనా అని అడిగింది. నిజమైనదేనన్నాను. రెండోది తీసి అదే అడిగింది. ఆ రోజు ఇరవై మూడు కూపన్లు, ఇరవై మూడుసార్లు చెప్పాను. ఇప్పటికి తొమ్మిదేళ్లు, ఒక్క మంగళవారం కూడా తప్పలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఆంటీ, తప్పు చేసింది ఆయన. ఆయన్నే వదిలేశారు. నన్నెందుకు ఇలా?"

"ఆయన పరాయివాడు, ఆయనకేం తెలుసు? నీకు తెలుసు," అంటూ కౌంటర్ మీదికి ఇంకో కూపన్ జరిపింది. "ఇది?"