నాలుగు వేళ్ల మెట్టు

ఆ అయిదంతస్తుల భవనంలో లిఫ్టు మెకానిక్‌ను అందరూ "డాక్టరు" అనేవారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన ఎన్నిసార్లు సరిచేసినా, ఆ పాత లిఫ్టు ప్రతి అంతస్తులోనూ నాలుగు వేళ్లు కిందే ఆగేది. అది ఆయనకు తలవంపుగా ఉండేది. చివరికి యజమానులు ఒప్పుకోవడంతో మూడు వారాలు శ్రమపడి మోటారు, ఇనుప తాళ్లు, బటన్లు అన్నీ కొత్తవి బిగించాడు.

మొదట ఎక్కింది నాలుగో అంతస్తు బామ్మ. పైన తలుపు తెరుచుకోగానే అలవాటుగా కాలు ఎత్తి వేసి తూలబోయింది. ఆయన చప్పున చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమయ్యా డాక్టరూ, మెట్టేదీ?"

"తీసేశానండి బామ్మగారూ."

"చెప్పాపెట్టకుండానా? ఇన్నేళ్లూ అలవాటు చేసి!"

ఆమె పకపకా నవ్వింది. కాలికి కొత్త పాఠం నేర్పాలంటూ ఆయన్ను వెంటబెట్టుకుని మరో ఆరుసార్లు ఎక్కి దిగింది. ఆ రోజు ఆయన అన్నం తినేసరికి మూడయింది. ఆకలి సంగతే గుర్తు రాలేదు.