అశోక్‌నగర్ డాబా మీద రాడాన్

తన పరువును తానే పోట్లాడి మరీ మెట్ల కింద పెట్టించుకున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? అయితే నా సంగతి వినండి.

2011 ఎండాకాలం. అశోక్‌నగర్‌లో కిరాయికుంటూ రాడాన్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నేలలోంచి, రాళ్ళలోంచి దానంతటదే ఊరే రేడియోధార్మిక వాయువది. గాలిలో అదెలా తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడల్ నాది. తెల్లవారుజామున గాలి కదలదు కనక రాడాన్ కిందే పేరుకోవాలి, మధ్యాహ్నం ఎండకు గాలి పైకి లేచి దాన్ని చెదరగొట్టాలి. డాబా మీద నేను పెట్టిన, రోజంతా తనంతట తానే కొలతలు రాసుకునే మీటర్‌లో అంకె మాత్రం, అత్తారింట్లో అల్లుడిలా, సరిగ్గా భోజనాల వేళకే ఉబ్బుతోంది!

"జర మీటర్ చూసుకోరాదు తమ్మీ" అన్నాడు సీనియర్ శ్రీధరన్న.

"నా మీటర్‌నే అంటావా అన్నా?"

ఈ శ్రీధరన్నే నారాయణగూడ హోటల్లో నా ఉస్మానియా బిస్కెట్ తినేసి "నీదనుకోలే" అన్నాడు. నేను మరిచిపోలేదు. మీరూ గుర్తుంచుకోండి.

పట్టుబట్టి మోడల్‌నే మార్చాను. కొత్త సిద్ధాంతానికి 'అశోక్‌నగర్ ప్రభావం' అని పేరూ పెట్టాను. గైడ్ మేడం కళ్ళద్దాల మీదుగా చూశారు. "ఇది నిలబడితే థీసిస్ ఇచ్చెయ్. లేకపోతే కొలతలన్నీ మళ్ళీ మొదటినుంచి. ముందు ఆ డాబా చూపించు."

మిట్టమధ్యాహ్నం మేడం, శ్రీధరన్న, నేను ముగ్గురం డాబా ఎక్కాం. వడియాలున్నాయి. మీటర్ లేదు.

"ఆంటీ! దొంగలు పడ్డారు!" నా కేక చిక్కడపల్లి దాకా వినపడే ఉంటుంది.

ఇంటి ఓనరు రాజమణి ఆంటీ తాపీగా వచ్చింది. "ఏంది లొల్లి? నీ డబ్బా మెట్ల కింది అర్రల ఉన్నది. నువ్వు ల్యాబుకు పోంగనే రోజూ ఆడనే పెడుతున్న. ఎండ దిగినంక మళ్ళ పైకి తెస్తున్న."

"మిమ్మల్నెవరు పెట్టమన్నారు?"

"నువ్వే! 'ఎండకు నా మిషన్ ఖరాబైతే జిమ్మేదారి మీదే' అని గల్లీ అంత ఇనేటట్టు కొట్లాడలే?"

కొట్లాడాను. ఆ అర్రకు కిటికీ లేదు, బండలు పగిలి మట్టి తేలింది. నేలలోంచి వచ్చిన రాడాన్ పోయే దారిలేక అక్కడే కాపురం పెట్టింది.

"గిది అశోక్‌నగర్ ప్రభావం కాదు తమ్మీ, ఆంటీ ప్రభావం" అన్నాడు శ్రీధరన్న. మేడం నవ్వి, నవ్వు ఆపి, "మొదటినుంచి" అన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంటి మెట్ల కిందే ఓడిపోయాను.

అందుకే ఆ డాబా సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ ఫిర్యాదు చేసినా, ఎదుటివాళ్ళు దాన్ని పట్టించుకుంటే నా గతేమిటో ఆలోచించాకే చేస్తాను.

అన్నట్టు, ఆ రోజు ఆంటీ వాళ్ళిద్దరికే చాయ్ ఇచ్చింది. ఇది బాగా ఆలోచించే చెబుతున్నాను.