మూల కారణం గడిలో నేను రాసింది

కరోనాకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, మచిలీపట్నం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో శిక్షణాధికారిగా చేరాను. అంతకు ముందు గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పదిహేనేళ్లు ఇంగ్లీషు చెప్పాను. ప్లాంటులో నా పై అధికారి క్వాలిటీ మేనేజరు. నా పని ఒక్కటే. విదేశీ కొనుగోలుదారుల తరఫున ప్లాంటును తనిఖీ చేయడానికి ఏడాదికోసారి ఆడిటర్ వస్తాడు. అతను అడిగే ప్రశ్నలకు లైను సూపర్‌వైజర్లు ఇంగ్లీషులో జవాబు చెప్పేలా తయారు చేయాలి. నిరుడు గొంతు జబ్బు వల్ల ముందుగానే ఉద్యోగ విరమణ చేశాను. ఆ ప్లాంటు ఫైల్లో నేను రాసిన ఒక వాక్యం అబద్ధం. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

నా మొదటి బ్యాచిలో ఎనిమిది మంది, అందరూ ఆడవాళ్లే. వాళ్లలో నాంచారమ్మది దివిసీమలో కోడూరు వైపు ఊరు. పదో తరగతి చదివింది. పదకొండేళ్లు పీలింగ్ టేబుల్ దగ్గర, అంటే ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీసి పొట్టు వలిచే చోట, నిలబడి పనిచేసింది. వేళ్ల సందులు పాసి పుండ్లు పడేవి. అప్పుడప్పుడే ప్యాకింగ్ లైనుకు సూపర్‌వైజరు అయింది. అది పొడి పని. అయితే ఆడిట్ అయ్యేదాకా ఆ పోస్టు తాత్కాలికం. ఆడిటర్ ముందు సరిగ్గా చెబితే ఖాయమవుతుంది, లేకపోతే మళ్లీ ఐసు నీళ్లే.

షిఫ్టు దిగాక మూడింటికి, క్యాంటీన్ పక్క గదిలో క్లాసు. కాలేజీ అలవాటు కొద్దీ ఒక నియమం పెట్టాను: గదిలో తెలుగు వినపడకూడదు. మాట్లాడినవాళ్లు ఆ రోజుకు బయటికి వెళ్లాలి. నలభై ప్రశ్నలు, నలభై జవాబులు కాగితం మీద ఇచ్చి కంఠస్థం చేయించాను. జవాబు తోచకపోతే మౌనంగా నిలబడొద్దు, నవ్వుతూ ‘యస్ సర్’ అనండి అని కూడా నేర్పాను.

దాంతో వాళ్ల అసలు సందేహాలన్నీ క్యాంటీన్లో టీ తాగేటప్పుడు బయటపడేవి. కిటికీలోంచి నాకు వినపడేవి. గ్రేడింగ్ సూపర్‌వైజరు హమీదా ఒకరోజు అడిగింది.

“ఇంగ్లీషులో ‘అండీ’ ఎక్కడ పెట్టాలి నాంచారమ్మక్కా? పెట్టకపోతే ఆయనకి కోపం రాదా?”

“సర్ అంటున్నాంగా. అదే అండీ.”

“వచ్చేది ఆడమనిషైతేనో?”

“అప్పుడు మేడమ్ అంటావు. ముందు నువ్వు నోరు తెరువు తల్లీ, మర్యాద సంగతి తర్వాత చూసుకుందాం.”

విని నవ్వుకున్నాను. ఆ ప్రశ్నల్లో ఒక్కదాన్నైనా క్లాసులోకి తేవాలని తోచలేదు.

మూడో రోజు క్లాసులో నాంచారమ్మ లేచి నిలబడింది. “సార్, ఆయన అడిగింది అర్థం కాకపోతే ఏమనాలండీ?” అంది, తెలుగులో. అది ఇంగ్లీషులో అడగగలిగితే ఆ సందేహమే ఉండేది కాదు. ఈ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. తలుపు చూపించాను. “తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతానండీ” అనుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏమీ అడగలేదు. నలభై జవాబులూ అందరికన్నా ముందు అప్పజెప్పింది.

ఆడిట్‌కు ముందు ఒక ఫారం వస్తుంది. అందులో దుభాషి కావాలా అనే ప్రశ్న ఉంటుంది. నా శిక్షణ గొప్పగా కనిపించాలని ‘అవసరం లేదు’ అన్నచోట టిక్కు పెట్టాను. అయినా, ప్రశ్న అర్థం కాలేదని కార్మికులే చెబితే తెలుగులో చెప్పించాలన్నది ఆడిట్ పద్ధతి. కాకపోతే ఆ మాట వాళ్లకు ఇంగ్లీషులో రావాలి.

ప్యాకింగ్ లైనులో ప్రతి పెట్టె మెటల్ డిటెక్టర్ గుండా పోవాలి. గంటకోసారి లోహపు ముక్క ఉన్న పరీక్ష కార్డు పంపి, యంత్రం దాన్ని పట్టుకుంటుందో లేదో చూస్తారు. పట్టుకోకపోతే ఆ గంట సరుకంతా ఆపి మళ్లీ పంపాలి. నాంచారమ్మకు ఇది నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ ఆడిటర్ మా కాగితంలో ఉన్నట్టు అడగలేదు. ఆ మధ్య ఒకరోజు యంత్రం కార్డును పట్టుకోలేదు కదా, ఆ గంట సరుకు మళ్లీ చూడకుండానే బయటికి వెళ్లిందా అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. పక్కనున్నవాళ్లు మాట అందించకూడదు. నవ్వి “యస్ సర్” అంది. ఇలా తరచుగా జరుగుతుందా అని అడిగాడు. మళ్లీ “యస్ సర్” అంది.

వెంటనే రిజిస్టరు తీసి చూపించాం. ఆ గంట సరుకు మళ్లీ పంపినట్టు నాంచారమ్మ చేతిరాతలోనే, సంతకంతో సహా ఉంది. సరుకు మీద అభ్యంతరం పోయింది. కానీ సిబ్బందికి పని విధానం తెలియదని ఆడిటర్ ఒక పెద్ద లోపం రాసి వెళ్లాడు. దానికి ప్లాంటు రాతపూర్వకంగా జవాబివ్వాలి. జవాబు ఫారంలో ‘మూల కారణం’ అని ఒక గడి ఉంటుంది. శిక్షణకు సంబంధించిన లోపం కాబట్టి దాన్ని నింపాల్సింది నేను. “సూపర్‌వైజరు శిక్షణను శ్రద్ధగా వినలేదు” అని రాశాను.

క్వాలిటీ మేనేజరు చదివి, “అంతేనంటారా మాస్టారూ?” అన్నారు.

అంతేనండీ అన్నాను. వారంలోపే నాంచారమ్మను పీలింగుకు పంపారు.

తర్వాతి బ్యాచికి తెలుగు వినపడకూడదన్న నియమం తీసేశాను. నాకు అర్థం కాలేదు, దయచేసి తెలుగులో అడగండి అని ఇంగ్లీషులో చెప్పడమే మొదటి పాఠం చేశాను. మరుసటి ఆడిట్‌లో ముగ్గురు ఆ మాట వాడుకున్నారు. ఆడిటర్ తప్పు పట్టలేదు. అలా పద్ధతి మార్చాను గాని ఫైలు ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఎందుకో చెప్పాల్సి వచ్చేది.

ఉద్యోగం వదిలే వారంలో పీలింగ్ హాలుకు వెళ్లి నాంచారమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

“నాకు తెలుసండీ. ఆ రోజు బయట నిలబడింది నేనే గదా. నాకు చెబితే ఏం లాభమండీ? రాసినచోట చెప్పండి.”

క్వాలిటీ మేనేజరుకు ఉత్తరం రాసిచ్చాను. ఆ ఫైలు మూసేసి చాలా కాలమైందని, ఉత్తరాన్ని దానికే జత చేస్తానని అన్నారు. ప్యాకింగ్ లైనుకు అప్పటికే వేరే సూపర్‌వైజరు ఉన్నారు. నాంచారమ్మ పీలింగులోనే ఉంది.

నేర్చుకునేవాళ్లు తమకు వచ్చిన భాషలో అడగలేనిచోట, వాళ్లకు రానిదేమిటో నేర్పేవాడికి తెలిసే దారి లేదు. లోపం రాయాల్సి వచ్చినప్పుడు అతను ముందు తను పెట్టిన నియమాలను చూసుకోవాలి. ఆ గడిలో ఉండాల్సిన వాక్యం ఇది: అడగవలసిన ప్రశ్నను సూపర్‌వైజరు మూడో రోజే అడిగింది, శిక్షకుడు జవాబు చెప్పలేదు.